శిక్షయు శిక్షణమును

మా తండ్రిగారు ఖరగపురము రైల్వే వర్క్‌షాపులో పనిచేయుచుండిన దినములలో, శ్రీకాకుళము జిల్లానుండి మా చిన్నాన్నగారి కుమారుడు వేసవి సెలవులకు మా యింటికి వచ్చెను. వానికి తొమ్మిదేండ్లు. హిందీ అక్షరములు అప్పుడప్పుడే కూడబలుకుకొనుచుండెను. ఒకనాటి సాయంకాలము గోల్‌బజారునకు పోవు త్రోవలో ఒక గోడపై పెద్ద అక్షరములతో వ్రాసియున్న "శిక్షా" అను మాటను చదివి, వాడు నా చేయి గట్టిగా పట్టుకొని, "ఇక్కడ ఎవర్ని శిక్షిస్తారన్నయ్యా?" అని మెల్లగా అడిగెను. అది పాఠశాల గోడ. నేను నవ్వితిని గాని సమాధానము చెప్పలేకపోతిని. ఆ కాలపు బడులను ఎరిగినవారికి వాని సందేహము మరీ అసంగతముగా తోచదు.

సంస్కృతమున శిక్ష యనగా నేర్చుట, నేర్పుట. వేదాంగములు ఆరింటిలో ఒకటైన శిక్ష ఉచ్చారణమును నేర్పు శాస్త్రము. మన చుట్టునున్న బెంగాలీలకు, ఒడియావారికి, హిందీవారికి నేటికిని ఆ మాటకు విద్య యనియే అర్థము. మనమును కన్నడిగులును దానిని దండనమునకు అప్పగించి, నేర్పుటకు 'శిక్షణ' మను వేరుమాటను నిలుపుకొంటిమి. ఇంటిలో తెలుగు, వీధిలో బెంగాలీ, కార్యాలయమున హిందీ వినుచు పెరుగు ఖరగపురపు తెలుగుబిడ్డలకు ఈ చిక్కు చిన్ననాటనే ఎదురగును. నేర్పుట ఎక్కడ ముగియును? దండించుట ఎక్కడ మొదలగును? మనుష్యుల విషయమున ఈ ప్రశ్న వేసినచో తండ్రులు, ఉపాధ్యాయులు, పై అధికారులు వెంటనే పక్షములు వహింతురు. జంతువుల విషయమున కొంత నిదానముగా చూడవచ్చును. అందుచేత ఏనుగునకు, గుఱ్ఱమునకు, ఎద్దునకు మనుష్యుడు పని నేర్పిన చరిత్రను ఈ సంచికలో కొంత పరిశీలింప సాహసించుచున్నాను. నేను పశువైద్యుడను గాను. కాగితములతో కాలము గడుపు ఉద్యోగిని. పాఠకులు మన్నింతురు గాక.

మౌర్య చంద్రగుప్తుని కొలువునకు రాయబారియై వచ్చిన మెగస్తనీసు వ్రాసిన గ్రంథము నశించినది. అందలి విషయములను స్ట్రాబో, ఆరియన్ అనువారు తరువాతి శతాబ్దులలో తమ గ్రంథములయందు భద్రపరచిరి. అందు ఏనుగులను పట్టు విధము వర్ణింపబడినది. లోతైన కందకము త్రవ్వి, లోపల పెంపుడు ఆడ ఏనుగులను నిలిపి, అడవి ఏనుగులు వంతెన దాటి లోనికి రాగానే వంతెనను తొలగింతురు. ఆకలిదప్పులచే అవి నీరసించిన పిదప పెంపుడు ఏనుగులచే వానిని ఓడించి, మెడచుట్టును కత్తితో గాటుపెట్టి, ఆ గాటునందే త్రాడు బిగింతురు. తల విదిలించిన యెడల నొప్పి కలుగును, కనుక విదిలింపదు. ఇంతవరకు చదివినవారు పుస్తకము మూసివేయ తలపెట్టవచ్చును. కాని ఆ వెంటనే మరియొక మాట కలదు. అట్లు పట్టువడిన ఏనుగు దిగులుచే మేత ముట్టనప్పుడు, మనవారు దాని చుట్టును నిలిచి పాటలు పాడి, మద్దెలలు తాళములు వాయించి ఊరడింతురట. కోపావేశమున తన పోషకుని చంపిన ఏనుగు, పిమ్మట వానికై వగచి, తిండి మాని చచ్చుటయు కలదట. గాయమును పాటయు ఒకే శిబిరములో, ఒకే వారములో, బహుశః ఒకే చేతినుండి వచ్చినవి. మన పూర్వులు కేవలము దయామయులని వ్రాయువారును, కేవలము క్రూరులని వ్రాయువారును ఈ వృత్తాంతమును సగమే చదివియుందురని నా యభిప్రాయము.

చంద్రగుప్తుని మనుమడు అశోకుడు. ఖరగపురమునుండి వాల్తేరు పోవు బండిలో భువనేశ్వరము దాటుచుండగా, ఆ ప్రాంతముననే ధౌళి కొండ కలదని మనలో చాలమందికి తెలియును. అక్కడ శాసనముల పైభాగమున రాతినుండి ఏనుగు ముందరిభాగము వెలికి వచ్చుచున్నట్లు చెక్కియున్నది. అయితే మన విషయమునకు ధౌళికంటె ముఖ్యమైనది తెలుగునాటనే, కర్నూలు జిల్లాలో, గుత్తికి సమీపముననున్న ఎర్రగుడి. అచ్చటి శాసనములు 1929లో వెలుగులోనికి వచ్చినవి. అందు తల్లిదండ్రులకును పెద్దలకును విధేయులై యుండుట, ప్రాణులయెడ దయ చూపుట, సత్యము పలుకుట అను ధర్మములను చెప్పి, వానిని తమ శిష్యులకు పూర్వాచారము ననుసరించి నేర్పవలసినదిగా నాలుగు తెగలవారిని రాజు ఆజ్ఞాపించుచున్నాడు. ఏనుగులనెక్కువారు, లేఖకులు, బండ్లకు కట్టు జంతువులను నడుపుట నేర్పు ఆచార్యులు, బ్రాహ్మణులు. లేఖకులకు ఆ శాసనము వాడిన మాట 'కరణక'. మన గ్రామకరణముల పేరు దానికి చుట్టమే. అనగా ఇరువదిరెండు శతాబ్దులకు పూర్వమే మన గుమాస్తాలను మావటివాండ్రను ఒకే పంక్తిలో కూర్చుండబెట్టిన ప్రభువొకడు కలడు. సెక్రటేరియట్‌లోని మిత్రులు దీనిని అవమానముగా భావింపకుందురు గాక. ఆ పంక్తిలోనివారందరును శిష్యులు గలవారే, తరువాతి తరమునకు ఏదో ఒకటి నేర్పువారే. ప్రాణిదయను బోధింపవలసినవారిలో అంకుశమును చేతబట్టినవానిని మొదట పేర్కొనుట యాదృచ్ఛికము కాదని నాకు తోచును.

దయ చూపుమని రాతిపై చెక్కించుట ఒక యెత్తు. చూపనివానిని ఏమి చేయవలెనో చెప్పుట మరియొక యెత్తు. దీనిని చెప్పినది అర్థశాస్త్రము. 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు వచ్చిన తాళపత్రములను ఆర్. శామశాస్త్రిగారు గుర్తించి 1909లో అచ్చువేయువరకు ఆ గ్రంథము లోకమునకు పేరు మాత్రముగనే తెలిసియుండెను. దాని రెండవ అధికరణమున గజాధ్యక్షుని విధులు చెప్పబడినవి. గున్నను, గర్భిణిని, పాలిచ్చు తల్లిని పట్టరాదు. పట్టినవానిని నాలుగు విధములుగ విభజింపవలెను: మచ్చిక చేయదగినవి, యుద్ధమునకు నేర్పదగినవి, స్వారికి నేర్పదగినవి, దుష్టములు. స్వారి ఏనుగులలో మరల ఎనిమిది భేదములు. ఆ యెనిమిదింటిలో కఱ్ఱతో నడపదగినది యష్ట్యుపవాహ్యము. అంకుశమువంటి సాధనముతో నడపదగినది తోత్రోపవాహ్యము. ఇవేవియు లేకయే నడచునది శుద్ధోపవాహ్యము. ఏ సాధనమును అక్కరలేనిదానికి శుద్ధ మని పేరు పెట్టుటలోనే గ్రంథకర్త హృదయము కొంత వెల్లడి యగుచున్నది. కఱ్ఱను అతడు నిషేధింపలేదు. దాని అవసరము ఎంత తగ్గినచో విద్య అంత పరిశుద్ధ మైనదని లెక్క కట్టెను.

అంతకంటె విశేషమైనది ఆ పిమ్మట వచ్చు తప్పుల పట్టిక. ఈ పట్టిక ఏనుగు తప్పులది కాదు, దాని పరిచారకుల తప్పులది. సాల శుభ్రముగా ఉంచకుండుట, మేత తీసికొనకుండుట, వట్టినేలపై పరుండబెట్టుట, తగని అవయవముపై కొట్టుట, ఇతరులను ఎక్కనిచ్చుట, కాలము కాని కాలమున నడపుట, తగని నేలపైకి తోలుట, రేవు కాని చోట నీటిలో దింపుట. ఇందు ఏది చేసినను వాని బత్తెమునుండియు జీతమునుండియు జుల్మానా కోయవలెను. సర్వీసు రూల్సు చదివి తల పండినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. దయను గూర్చి ఉపన్యాసము లేదు, పాపభీతి లేదు. కోత మాత్రము కలదు. ఏనుగునకు ఏ దెబ్బ శిక్షణము, ఏ దెబ్బ దౌర్జన్యము అను వివాదమును ఆ గ్రంథము ఏనుగు మనస్సులో ప్రవేశించి తీర్పజూడలేదు. దెబ్బ ఎక్కడ పడినదో చూచి, కొట్టినవాని జీతపు పద్దులో తీర్చినది.

గుఱ్ఱముల విషయమున మన అశ్వశాస్త్రములు ఇట్టి విచారణనే మరియొక వైపునుండి చేసినవి. మన భాషలోను మనుమంచి భట్టు హయలక్షణ విలాస మను పద్యగ్రంథమును రచించెను. సంస్కృతమునందలి అశ్వశాస్త్రములు కొరడాను వాడదగిన తప్పులను, తాకదగిన తావులను చెప్పి, తావు తప్పి, కాలము తప్పి కొట్టినచో గుఱ్ఱమునకు లేని దోషములు పుట్టునని హెచ్చరించినవి. ఈ ఎరుక సామాన్యమైనది కాదు. శిక్ష తప్పును మాన్పకపోవుటయే గాక కొత్త తప్పును నేర్పగలదు. గ్రీకుదేశమున క్రీస్తుపూర్వము 4వ శతాబ్దిలో జెనొఫొన్ అను సేనాని గుఱ్ఱపు స్వారిని గూర్చి వ్రాయుచు, కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదనెను. బలవంతముగా చేయించిన పని గుఱ్ఱమునకు అర్థము కాదనియు, కొరడాతో ఆడించిన నర్తకుని ఆటకంటె అది అందముగా ఉండదనియు చెప్పెను. ఈ పోలికను చదివినప్పుడు నాకు మన జాయప సేనాని జ్ఞప్తికి వచ్చును. కాకతి గణపతిదేవుని గజసాహిణి, అనగా ఏనుగుల దళమునకు అధికారి. ఆయనయే 1253-54లో నృత్తరత్నావళిని రచించెను. పగలు గజశాల, రాత్రి నాట్యశాస్త్రము! ఉద్యోగము చేయుచు సాహిత్యమును ఆశ్రయించిన మనబోటివారికి ఆయన ఆదిపురుషుడు. జెనొఫొన్ మాటను ఎవరైన ఆయనకు వినిపించియున్నచో రెండువైపులనుండియు తల ఊపియుండును.

కోటలనుండి పల్లెకు వత్తము. పల్లెలో ఏనుగు లేదు, ఎద్దు కలదు. అంకుశము లేదు, ములుగఱ్ఱ కలదు. అచ్చటనే గంగిరెద్దును కలదు. గజాసురుని ఎదుట నందిని గంగిరెద్దుగా ఆడించి విష్ణువు శివుని విడిపించిన కథను వినాయకచవితినాడు విననివారు మనలో లేరు. మేము సంక్రాంతికి మద్రాసు మెయిలులో ఊరికి పోయినప్పుడెల్ల గంగిరెద్దులవాడు మా తాతగారి వాకిటికి వచ్చుచుండెను. వాని యాజ్ఞతో ఎద్దు అయ్యగారికి దండము పెట్టెడిది, అమ్మగారికి దండము పెట్టెడిది, చివరకు వాని రొమ్ముపై కాలు మోపి, బరువు మోపక నిలిచెడిది. అన్నిటిలోను అదియే ఆశ్చర్యము. ఒకమారు నేను, "కొట్టి నేర్పుతావా తాతా?" అని అడిగితిని.

"కర్ర సూపిస్తే బెదురుతాది గానీ దండవెట్టదు బాబూ. దండవెట్టాలంటే తవుడుండాల" అనెను.

"మరి ముక్కుతాడెందుకు?"

ముసలివాడు నవ్వి, "అది దానికి కాదు బాబూ, నా దైర్నానికి" అనెను.

అప్పుడు అది నాకు హాస్యముగా తోచినది. అనంతరము శాస్త్రజ్ఞుల వ్రాతలు చదివినప్పుడు, ఆ ముసలివాడు చెప్పినదానిని వారు చుట్టుతిరిగి చేరుకొనినట్లు తెలిసినది. అమెరికా దేశమున థార్నుడైకు అను పండితుడు 1898లో పిల్లులను గొళ్ళెపు పెట్టెలలో బంధించి, అవి తలుపు తీయుట నేర్చుకొను తీరును పరీక్షించెను. ఇంపైన ఫలితమిచ్చు చేష్ట బలపడునని, బాధ కలిగించు చేష్ట సడలునని 1911నాటి గ్రంథమున సూత్రీకరించెను. తక్కెడకు రెండు సిబ్బెలు సమానము. కాని మరి యిరువదియేండ్లు పరీక్షలు సాగించిన పిదప, 1932 నాటికి, రెండవ సిబ్బెను తానే దించివేసెను. బహుమానము బలపరచినంతగా శిక్ష సడలింపదని ఒప్పుకొనెను. తన సూత్రములో సగమును తానే రద్దు చేసికొను పండితులు అరుదు. అధికారులు మరింత అరుదు. 1938లో స్కిన్నరు, మీటను నొక్కుట మరచుచున్న ఎలుకల పాదములపై చరచి చూచెను. అవి కొంతసేపు తగ్గినవి. తుదకు చరచని యెలుకలెన్ని సారులు నొక్కినవో ఇవియు అన్ని సారులు నొక్కినవి. అంతమాత్రమున శిక్ష ఎన్నడును పనిచేయదని చెప్పుట సత్యము కాదు. వెంటనే, తీవ్రముగా, తప్పక పడు దెబ్బ చేష్టను అణచగలదని 1960ల నాటి పరిశోధనలు తేల్చినవి. అయితే ఆ దెబ్బ తప్పును మాత్రమే వెంటాడదు. భయమును, ఎదురుతిరుగు స్వభావమును, కొట్టిన మనిషిని చూచినచో తప్పించుకొను బుద్ధిని వెంట తెచ్చును. ఏది చేయరాదో చెప్పునే గాని ఏది చేయవలెనో చెప్పదు.

బహుమానముతోనే నేర్పుదుమనువారును ఒక సంగతిని కప్పిపుచ్చరాదు. ఖరగపురము ప్లాట్‌ఫారముపై రైల్వే రక్షణదళమువారి కుక్క సామానులను వాసన చూచుచు పోవుట మీరును చూచియుందురు. ఒకనాడు బండి ఆలస్యమగుటచే నేను చాలసేపు గమనించితిని. దాని లోకమంతయు నడపువాని జేబులోని బంతియందు ఉన్నది. సరిగా చేసినచో బంతి వచ్చును. అజాగ్రత్తగా ముక్కు తిప్పి పైకి చూచినప్పుడు ఆయన కొట్టలేదు, తిట్టలేదు. బంతిని తీయలేదు, అంతే. ఆ కుక్క ముఖము చూచినవారెవరును అది శిక్ష కాదనలేరు. ఇచ్చునది ఇయ్యకపోవుటయు శిక్షయేనని నేటి శాస్త్రజ్ఞులే వర్గీకరించిరి. దయాపూర్వకమైన శిక్షణములో శిక్ష లేకపోలేదు. అది చేతినుండి జేబులోనికి మారినది. ఈ మార్పు చిన్నది కాదు. బంతి దక్కని కుక్క నిరాశపడును గాని నడపువానిని చూచి వణకదు. మరుక్షణమే మరల ప్రయత్నించును. అయితే జేబుగలవానికి ఓర్పుండవలెను. కఱ్ఱకు ఓర్పుతో పనిలేదు. కఱ్ఱ ఇంతకాలము నిలుచుటకు అదియే కారణమేమో.

ఆ ఓర్పు లేనివానిని అడ్డగించుటకు మరల చట్టమే రావలసివచ్చినది. కలకత్తాలో బండియెద్దుల దుస్థితిని చూచి కోల్స్‌వర్దీ గ్రాంట్ అను ఆంగ్లేయ చిత్రకారుడు 1861లో జంతుహింసా నివారణ సంఘమును స్థాపించెను. 1890లో అఖిలభారత చట్టము వచ్చెను. స్వాతంత్ర్యానంతరము రాజ్యసభకు నియమింపబడిన రుక్మిణీదేవి అరండేల్ కొత్త బిల్లును ప్రవేశపెట్టగా, ప్రభుత్వమే చట్టము తెచ్చునని నెహ్రూగారు హామీ ఇచ్చి, 1960లో జంతుహింసా నివారణ చట్టమును తెచ్చిరి. జాయపవలె రుక్మిణీదేవియు నృత్యము తెలిసినవారే యగుట విచిత్రము. కొట్టుట, తన్నుట, మితిమీరి తోలుట నేరములు. మొదటి తప్పునకు ఆ చట్టమున నిర్ణయించిన జుల్మానా 10 రూపాయలకు తక్కువ కాకుండ 50 రూపాయలవరకు. కౌటిల్యుని కోత ఇంతకంటె గట్టిగా తగిలియుండును. 1965నాటి నిబంధనలు ములుగఱ్ఱను, ముళ్ళ కళ్ళెమును నిషేధించినవి. 1998 అక్టోబరు 14వ తేది నోటిఫికేషన్ సింహము, పులి, చిరుతపులి, ఎలుగుబంటి, కోతి అను ఐదింటికి ఆటలు నేర్పుటయే కూడదనెను. సర్కసులవారు పోరాడిరి, 2001 మే 1వ తేదీన సుప్రీముకోర్టు ఆ నోటిఫికేషన్‌ను సమర్థించెను. మా చిన్ననాడు ఖరగపురమునకు వచ్చిన సర్కసులో పీటపై కూర్చున్న సింహమును చూచి చప్పట్లు కొట్టినవారిలో నేనును ఉన్నాను. మేము చూచినది సింహమును. సింహము చూచుచున్నది కొరడాను.

ఇక ఒక్క విషయము. అది మన గుమ్మములోనిది. 1980వ దశకము చివరినుండి దల్మా అడవుల ఏనుగులు వరిపంట వేళకు మేదినీపురపు ప్రాంతములకు వచ్చుచున్నవి. పంటను కాపాడుకొనుటకు పల్లెవారు కాగడాలతో వానిని తోలుదురు. ఆ గుంపులకు 'హుల్లా' అని పేరు. ఇది శిక్షణము కాదందురు. కాని ఏనుగు నేర్చుకొనకుండ ఉండునా? చేనిలో వరి కలదని నేర్చుకొనును. నిప్పు పట్టినవాడు మనుష్యుడని నేర్చుకొనును. మొదటిదానిని రెండవది మరపింపదు. ఇనుప మొనలను, అగ్నిగోళములను వాడరాదని 2018లో సుప్రీముకోర్టు ఆదేశించెను. ఖరగపురమునుండి బండిలో గంటకు లోపు ప్రయాణమున నున్న ఝార్‌గ్రాము పట్టణములోనికి 2024 ఆగస్టు 15వ తేదీన ఒక మంద ప్రవేశించినది. ఆనాడు ఒక మనుష్యుడు ఏనుగుచే మరణించెను. తోలుటలో మండుచున్న ఇనుప చువ్వ ఒక ఆడ ఏనుగు వీపున దిగబడినది. ఆ గాయముచే అది చచ్చినది.

ఆ చనిపోయిన మనుష్యుని ఇంటివారికి నా వ్యాసము ఏమియు చెప్పజాలదు. హుల్లావాండ్రను తిట్టుటయు నాకు సులభముగా లేదు. వారు మావటులు కారు. కూలికి పిలువబడిన పల్లెవారు, తరచుగా ఆ పొలములవారే. తగని అవయవముపై కొట్టుట యను తప్పు అర్థశాస్త్రపు పట్టికలో ఉన్నది గాని, ఇక్కడ కోయుటకు గజశాల జీతపు పద్దు లేదు. చీకటిలో, వందలమంది కేకల నడుమ, చువ్వ ఎవరి చేతినుండి వచ్చినదో చూచుటకు అధ్యక్షుడును లేడు. గంగిరెద్దులవాని మాటయే నాకు మాటిమాటికి జ్ఞప్తికి వచ్చుచున్నది. కాగడాయు కొంతవరకు వారి ధైర్యమునకే.

మా చిన్నాన్నగారి కుమారుడు ఇప్పుడు విజయనగరములో ఉపాధ్యాయుడు. ఈ వ్యాసపు చిత్తుప్రతిని వానికి పంపితిని. ఏనుగుల సంగతి బాగున్నదనియు, గోల్‌బజారు గోడ సంగతి తనకు బొత్తిగా జ్ఞప్తి లేదనియు వ్రాసినాడు.